సున్నా సెకన్ల పరీక్ష

పోయినవారం మనం వచ్చేసరికి శాతం కుర్చీ ఎక్కి నిలబడి, "తొంభై అయిదు పాయింట్ మూడు!" అని అరుస్తున్నాడు. ఆ కేకకి కింద దర్జీ దుకాణంలో కుట్టుమిషన్లు ఒక్క క్షణం ఆగాయి. పైవాళ్ళకి ఏ ప్రమాదమూ జరగలేదని తేలాక మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట నలభై. శాతం ఇంకా కుర్చీ దిగలేదు.

ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. దర్జీ దుకాణం పైనున్న ఈ రెండు గదుల్లో మూడేళ్ళుగా జరుగుతున్నది ఒకటే పని. లోకంలోకి కొత్త రకం ప్రాసెసర్ ఒకటి వచ్చింది. చౌక, కరెంటు తక్కువ తాగుతుంది, ఊరికే వేడెక్కదు. అన్నీ సుగుణాలే గాని, పాత ప్రాసెసర్ల కోసం తయారైన ప్రోగ్రామ్ ఒక్కటీ దీనికి ఒంటబట్టదు. కంప్యూటర్‌ని నడిపే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ అంటే పన్నెండువేల పైచిలుకు ప్యాకేజీల, అంటే ప్రోగ్రామ్ మూటల, సంసారం. వాటిలో ప్రతిదాన్నీ సోర్స్ కోడ్ అనే మూలపాఠం నుంచి ఈ ప్రాసెసర్ మీద మళ్ళీ కట్టాలి, కట్టినదాన్ని పరీక్షించాలి. నూటికి తొంభై అయిదు నిలబడాలి. అందులోనూ మూల ప్యాకేజీలని ఒక అరవై ఉన్నాయి, వాటిలో ఒక్కటి కూడా తప్పడానికి వీల్లేదు. అప్పుడే విడుదల జాబితాలో చోటు. ఆ జాబితా ఈ రోజు నాలుగింటికి మూసేస్తారు. మళ్ళీ తెరిచేది రెండేళ్ళకి. అప్పటిదాకా ఈ ప్రాసెసర్ తయారుచేసేవాళ్ళు ఓపిక పడతారన్న నమ్మకం ఎవరికీ లేదు.

ఆ కట్టే పనంతా వదినది. శాతం ఆమెకి మరిది. అతను వదినా అంటాడు కాబట్టి కింద దర్జీ కూడా వదినా అంటాడు, ఆఖరికి దూరదేశం నుంచి వీడియోలో మాట్లాడే, జాబితాలో చేర్చుకుంటూ సంతకం పెట్టే విడుదల పెద్దావిడ కూడా వదినగారూ అంటుంది. శాతానికి ఆ పేరు ఎలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున లేవగానే ముఖం కడుక్కోకముందే ఎంత శాతం అయిందో చూసుకునే మనిషి. ఇక శాతం తండ్రి, వదినకి మామగారు, అచ్చాఫీసులో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరయ్యారు.

ఇంకొక్కడున్నాడు, గదిలో లేడు. ఈ పని మొదలుపెట్టినవాడే అతను. ఈ ప్రాసెసర్ బిగించిన అసలు బోర్డులు ఇంకా రాని రోజుల్లో, మామూలు కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ అనే నకిలీ ప్రాసెసర్ పెట్టుకుని వీళ్ళు పని చేసేవారు. ఆ మనిషి చెప్పాపెట్టకుండా లేచి కంప్యూటర్ ప్లగ్గు పీకేసేవాడు. "కరెంటు పోతే లేస్తుందా లేదా చూడొద్దూ?" అనేవాడు. అందుకే అతను ప్లగ్గన్న అయ్యాడు. ఒకసారి అలా పీకితే రెండు రోజుల పని మట్టిలో కలిసింది. శాతం ఒంటికాలి మీద లేచాడు. బ్యాటరీ పెట్టె ఒకటి కొనుక్కొచ్చి, ప్లగ్గులన్నీ అందులో పెట్టి తాళం వేశాడు. "పీకితే లేవనిదానికి నూటికి నూరు వచ్చినా దండగే," అని ప్లగ్గన్న మెట్లు దిగి వెళ్ళిపోయాడు. రెండేళ్ళయింది, అతనికీ శాతానికీ మధ్య మాటల్లేవు.

అదీ సంగతి. ఇక కుర్చీ దగ్గరికి వద్దాం.

"దిగవయ్యా బాబూ, దానికి మూడు కాళ్ళే గట్టివి," అంది వదిన.

"దిగుతా వదినా. ఈ అంకె ఇంకొక్కసారి చూసుకోనీ." శాతం దిగాడు గాని అతని ఆనందం దిగలేదు. "చొక్కా మూడున్నరకి ఇస్తానన్నాడు దర్జీ. సంతకం వీడియోలో పెడతారు కదా, అందరూ చూస్తారు."

"నీ చొక్కా చూసి ఒకటిన్నర శాతం పెంచుతారేమోలే."

వదినకి నవ్వొచ్చింది. చెప్పుల స్టాండులో వరసగా పదకొండు బోర్డులు, ఒక్కోదానికి ఒక్కో పచ్చ దీపం, వాటికెదురుగా తల ఊపుతూ టేబుల్ ఫ్యాను. మూడేళ్ళలో మొదటిసారి ఆమె చేతిలో పనిలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసుకుని, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఆ దీపాల వంక చూస్తూ కూర్చుంది. ఆమె భర్త రైలు గార్డు. ఆరుగంటల బండికి ఇంటికొస్తాడు. వచ్చీరాగానే ఏం చెప్పాలో, ముందు ఏ మాట చెప్పాలో ఆమె మనసులో కూర్చుకుంటోంది. హాయిగా ఉంది. హాయిగా ఉందని తనకే తెలుస్తోంది.

"అమ్మాయ్, ఒక్కసారి ఇలా వస్తావా?"

పక్కగదిలోంచి మామగారు. ఎప్పుడూ గట్టిగా పిలిచే మనిషి, ఈసారి గొంతు తగ్గించి పిలిచారు.

కిటికీ దగ్గర బల్ల మీద ఆయన కాగితాల కట్టలు. ప్యాకేజీ కట్టేటప్పుడు బోర్డు తను చేసిన ప్రతి పనినీ వరసగా రాసుకుంటూ పోతుంది. దాన్ని లాగ్ అంటారు. తెరమీద చదవడం ఆయన కళ్ళకి పడదు. అందుకని మూల ప్యాకేజీలు అరవైకి అరవై లాగులూ అచ్చు తీయించుకున్నారు. ఎడమపక్క పాత ప్రాసెసర్ లాగు, కుడిపక్క కొత్తదాని లాగు, లైను కింద స్కేలు, చెవి మీద ఎర్ర పెన్సిలు. అందులో రాసిందేమిటో ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు. కాకపోతే మాతృక ఇదీ, ప్రూఫు ఇదీ, రెండిట్లో తేడా ఎక్కడ అని చూడటానికి అర్థం కావలసిన పనేముంది? నలభై ఏళ్ళు ఆయన ఎన్నో శాస్త్రాల పుస్తకాలు అలాగే దిద్దారు.

"మన బోర్డు కాస్త నిదానం కదమ్మా," అన్నారాయన. "పాతది ఒక నిమిషంలో చేసేది మనది మూడు నిమిషాల్లో చేస్తుంది. యాభై ఏడు కట్టల్లో అంతే. నాకు దాని నడక అలవాటైపోయింది."

"అవును మామయ్యా."

"ఇదిగో ఇక్కడ చూడు." స్కేలు జరిపారు. "పరీక్ష అని రాసి, పాతదానికి రెండువందల యాభై ఒక్క సెకన్లు. మనదానికి సున్నా. ఉన్నట్టుండి దీనికింత చురుకుదనం ఎక్కణ్ణుంచి వచ్చింది అమ్మాయ్?"

వదిన ప్యాకేజీ పేరు చూసింది. మళ్ళీ ఒకసారి చదివింది.

కరెంటు హఠాత్తుగా పోతే డిస్కులో రాతలు సగంలో ఆగిపోతాయి. మళ్ళీ కరెంటు వచ్చినప్పుడు బోర్డు లేస్తూనే ముందు ఆ డిస్కుని సరిచూసుకోవాలి. ఆ సరిచూసే ప్రోగ్రామే ఇది. దానికున్న పరీక్ష కూడా అదే: కావాలని డిస్కుని సగం పాడుచేసి, బాగుచేయమంటారు. సున్నా సెకన్లు అంటే ఆ పరీక్ష జరగనే లేదు.

ఆమె గబగబా తన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి ప్యాకేజీ సూచనల ఫైలు తెరిచింది. పరీక్ష దాటేయమని ఒక లైను. పక్కనే ఎందుకో రాసి ఉంది. "ఎమ్యులేటర్‌లో ఆగిపోతోంది. తర్వాత చూద్దాం." కింద ఆమె పేరు, ఇరవై నెలల కిందటి తేదీ.

అంతా గుర్తొచ్చింది. ప్లగ్గన్న వెళ్ళిపోయిన కొత్తలో, ఎమ్యులేటర్ ప్రతిదానికీ ఏడిపిస్తున్న రోజుల్లో, ఈ పరీక్ష ఎంతకీ ముగియకపోతే, ఇది నకిలీ ప్రాసెసర్ వేషాల్లో ఒకటి అనుకుంది. అసలు బోర్డులు వచ్చాక చూడొచ్చులే అనుకుంది. అసలు బోర్డులు వచ్చాయి. వచ్చిన సంబరంలో ఆ లైను మరుపున పడిపోయింది.

"ఏమైంది వదినా? ముఖం అలా పెట్టావేం?" శాతం వెనకే వచ్చి నిలబడ్డాడు.

చెప్పింది. శాతం పక్కగది వైపు తిరిగాడు.

"నాన్నా, ఇవాళే దొరికిందా నీకు? నాలుగు నెలలుగా చదువుతున్నావు కదా!"

"వరసలో చదువుతున్నాన్రా. ఇది యాభై ఎనిమిదోది. యాభై ఏడు అవందే యాభై ఎనిమిది ఎలా వస్తుంది?"

శాతం వదిన వైపు తిరిగాడు. "సరే. ఒక్క పరీక్ష. పదకొండు బోర్డులూ ఏడాదిగా నడుస్తున్నాయి, ఒక్కటన్నా పడుకుందా? సంతకం అయిపోనీ వదినా. రేపు పొద్దున్నే కూర్చుని సరిచేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది కదా."

"నీకు తెలిస్తే ఏం? నువ్వేమన్నా పరాయిదానివా?"

"ఏడాదిగా నడుస్తున్నాయి, నిజమే. ఎందుకు నడుస్తున్నాయి? వాటికి కరెంటు పోవడమంటే ఏమిటో తెలీదు కాబట్టి. నువ్వు బ్యాటరీ పెట్టెలో పెట్టి తాళం వేశావుగా."

శాతం చేతులు కట్టుకున్నాడు. "వదినా, మూడేళ్ళు. లెక్కేసుకో. ఇప్పుడు ఆ లైను తీసేసి పరీక్ష పెట్టామనుకో, తప్పిందనుకో, మూల ప్యాకేజీ పోయినట్టే. మూల ప్యాకేజీ పోతే తొంభై అయిదు కాదు, తొంభై తొమ్మిదున్నా జాబితాలో లేం. రెండేళ్ళు ఆగాలి. ఆగగలమా?"

ఆగలేరని ఆమెకీ తెలుసు. అతనికన్నా ఎక్కువే తెలుసు, ఆ పన్నెండువేల ప్యాకేజీలూ ఆమె చేతుల మీదుగా వెళ్ళినవే. ఏది ఎప్పుడు మొరాయించిందో, ఏది ఎలా దారికొచ్చిందో పిల్లల జ్వరాలు గుర్తున్నట్టు గుర్తు. నోరు మూసుకుని కూర్చుంటే ఇంకో రెండు గంటల్లో అన్నీ గట్టెక్కుతాయి. ఆ ఆలోచన ఆమెకి రాలేదంటే అబద్ధమే. వచ్చింది, ఒక నిమిషం ఉంది కూడా.

"మొదటి వెయ్యి బోర్డులు ఎక్కడికి పంపుతున్నారు?" అనడిగింది.

"తెలిసి అడుగుతావేం? చిన్న చిన్న ఆసుపత్రులకి. రోగుల చీటీలు రాసుకోవడానికి."

"అక్కడ కరెంటు ఎలా ఉంటుందట?"

శాతం గోడ మీద అంకెలు రాసుకునే బోర్డు వంక చూస్తూ నిలబడ్డాడు.

"తాళం ఇలా ఇవ్వు," అని వదిన చెయ్యి చాపింది.

"వదినా..."

"పీకి చూద్దాం. లేచిందా, నువ్వన్నట్టే చేద్దాం, రేపే చూసుకుందాం. లేవలేదా, అప్పుడు మాట్లాడుకుందాం."

శాతం జేబులోంచి తాళంచెవి తీశాడు. రెండేళ్ళుగా ఎవరి చేతికీ ఇవ్వని తాళంచెవి అది. ఇచ్చేముందు దాన్ని ఒకసారి చొక్కాకి తుడిచాడు, ఎందుకో అతనికే తెలీదు. మామగారు కూడా పెన్సిలు చెవిన పెట్టుకుని వచ్చి నిలబడ్డారు. వదిన పెట్టె తెరిచి, ఏడో నంబరు ప్లగ్గు పట్టుకుని, కళ్ళు మూసుకుని లాగేసింది.

ఏడో దీపం ఆరిపోయింది. పది లెక్కపెట్టి మళ్ళీ పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది, నారింజ రంగుకి మారింది. నలభై సెకన్లలో పచ్చబడాలి.

నలభై అయ్యాయి. నిమిషం అయింది. అయిదు నిమిషాలయ్యాయి. తెర మీద "డిస్కు సరిచూస్తున్నాను" అన్న ఒక్క లైను తప్ప ఏమీ లేదు. మిగతా పది పచ్చదీపాల మధ్య ఆ నారింజ దీపం అలాగే ఉండిపోయింది. సిగ్గుతో వదిన చెవులు వేడెక్కాయి. నకిలీ ప్రాసెసర్‌ది తప్పనుకుంది. పాపం అది ఇరవై నెలల కిందటే ఉన్న మాట చెప్పింది, తనే వినిపించుకోలేదు.

"అన్న అప్పుడే చెప్పాడు," అన్నాడు శాతం మెల్లగా. రెండేళ్ళలో ఆ గదిలో ప్లగ్గన్న ప్రస్తావన అతను తేవడం అదే మొదటిసారి. తెచ్చి, వెంటనే గడియారం వంక చూశాడు. "టైము రెండూ అయిదు. గంటా యాభై అయిదు నిమిషాలుంది. ఏం చెయ్యాలో చెప్పు వదినా."

ఆ మాటకి ఆమెకి సగం బలం వచ్చింది. శాతం అంటే ఇదే. చివరిదాకా కాదంటాడు, కాదనడం అయిపోయాక పక్కన నిలబడతాడు. ఏడాదిలో ముప్ఫైసార్లు ఈ బాపతు పోట్లాటలు చూసిన మామగారు కూడా ఏమీ ఎరగనట్టు ఫ్లాస్కు మూత తిప్పి ముగ్గురికీ టీ పోశారు.

ప్రోగ్రామ్ ఎక్కడ తిరుగుతోందో పట్టుకోవడానికి వదినకి అరగంట పట్టింది. పట్టుకున్నాక మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఏమిటమ్మా అది? నాక్కూడా చెప్పు," అన్నారు మామగారు.

"ఈ ప్రోగ్రామ్ డిస్కు చిట్టాని ఒక్కో అక్షరమే చదువుకుంటూ పోతుంది మామయ్యా. చదివింది ఒక చిన్న అరలో పెట్టుకుంటుంది. అరలో మైనస్ ఒకటి కనపడితే, చిట్టా అయిపోయిందన్నమాట, ఆగిపోతుంది. పాత ప్రాసెసర్‌లో ఆ చిన్న అరలో మైనస్ అంకెలు కూడా పడతాయి. మనదాంట్లో సున్నా నుంచే మొదలు. మైనస్ ఒకటి పెట్టినా అది రెండువందల యాభై అయిదు అని కూర్చుంటుంది. దాంతో ఈ పిచ్చి ప్రోగ్రామ్ ఎప్పటికీ రాని మైనస్ ఒకటి కోసం కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తూనే ఉంది."

"ఇలాంటి ప్రాసెసర్ ఇదే మొదటిదా?" అన్నాడు శాతం.

"కాదు, ఇంకా ఉన్నాయి. వాటి పేర్లు వరసగా రాసి, వాటి కోసం ఒక సర్దుబాటు ఎవరో పెట్టారు. ఆ వరసలో మనదాని పేరు లేదు. అప్పటికి ఇది పుడితేగా!"

"అంటే ఫుల్‌స్టాపు మన అచ్చుల పెట్టెలో లేదు. కంపోజిటరు వాక్యం ఆపలేక పేజీలు పేజీలు పేర్చుకుంటూ పోతున్నాడు," అన్నారు మామగారు. ఆయనకి ఈ మూడేళ్ళలో పూర్తిగా అర్థమైన మొదటి సంగతి ఇదే కావడంతో, చెప్పలేనంత సంతోషం కలిగింది. పెన్సిలు తీసి ఆ సున్నా చుట్టూ ఇంకో ఎర్ర గీత గీశారు.

మందు ఒక్క మాట. అర పెద్దది చేస్తే మైనస్ ఒకటి దర్జాగా పడుతుంది. వదిన ఆ మాట మార్చి, తన పేరున్న దాటవేత లైను చెరిపేసి, ఏడో బోర్డుని పక్కన పెట్టి, ఎనిమిదో బోర్డు మీద ప్యాకేజీ మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. ముప్ఫై నిమిషాలు పడుతుంది. అప్పటికి టైము రెండూ నలభై.

"ఇప్పుడు ఆవిడకి చెప్పాలి," అంది.

"అయ్యాక చెప్పొచ్చుగా?"

"అయ్యాక చెబితే గొప్ప చెప్పుకున్నట్టుంటుంది. ఇప్పుడు చెబితే తప్పు చెప్పుకున్నట్టు."

విడుదల పెద్దావిడ తెర మీదికి వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు, వెనక పుస్తకాల అల్మరా. తక్కువ మాట్లాడుతుంది, ఎదుటివాళ్ళ చేత ఎక్కువ మాట్లాడిస్తుంది.

"ఏం వదినగారూ, నాలుగింటిదాకా ఆగలేకపోయారా?"

"మేడమ్, మేం మీకు పంపిన లెక్కలో ఒక తప్పుంది. నాదే." వదిన ఏదీ దాచకుండా చెప్పింది. ఇరవై నెలల కిందటి లైను చూపించింది. నారింజ దీపం చూపించింది. మైనస్ ఒకటి ఉన్న చోటు చూపించింది. చెబుతున్నంతసేపూ శాతం పక్కనే నిలబడ్డాడు.

పెద్దావిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ లైనుని చాలాసేపు చూసింది. తీసేసింది. మళ్ళీ పెట్టుకుంది.

"వదినగారూ, ఆ ఫైలు పైకి జరిపి, ఎవరు రాశారో చూడండి."

వదిన పైకి జరిపింది. మొదటి లైనులో రాసినవాళ్ళ పేరు, ఇరవై ఆరేళ్ళ కిందటి సంవత్సరం. ఆమె తలెత్తి పెద్దావిడ వంక చూసింది.

"నేనే," అంది పెద్దావిడ. "అప్పటికి నాకు పెళ్ళి కూడా కాలేదు. చిన్న అరలో మైనస్ ఒకటి పెట్టకూడదని తెలిసేంత బుద్ధీ లేదు." అంటూనే నవ్వింది, తెర కదిలేంతగా నవ్వింది. "ఇరవై ఆరేళ్ళు! ఎంతమంది చేతుల్లోంచి పోయింది! ఆ సర్దుబాటు పెట్టినవాళ్ళు కూడా నాతో ఒక్క మాట అనలేదు చూశారా. మొహమాటపడ్డారేమో. ఎవరు పట్టారు దీన్ని?"

"మా మామగారు. ఆయన ప్రూఫ్ రీడరు."

"ఆయనకి నా నమస్కారం చెప్పండి."

మామగారు పక్కగది గుమ్మంలో నిలబడి, తెరకి కనపడనంత దూరంలోంచే ప్రతినమస్కారం చేశారు.

మూడూ పది అయ్యేసరికి ఎనిమిదో బోర్డు ప్యాకేజీ కట్టడం పూర్తిచేసి పరీక్షకి వెళ్ళింది. ఏడువందల సెకన్ల పైన పట్టింది. దాని మామూలు నడకే అది. మామగారు ఆ అంకె చూసి, "ఇప్పుడు కుదిరింది," అన్నారు. పరీక్ష నెగ్గింది. కొత్త ప్రోగ్రామ్ ఏడో బోర్డు డిస్కులోకి ఎక్కించి, మళ్ళీ ప్లగ్గు పీకి పెట్టారు. ఎరుపు, నారింజ. ముప్ఫై ఎనిమిదో సెకనుకి పచ్చ. శాతం ఎగిరి గంతేస్తే కింద కుట్టుమిషన్లు మళ్ళీ ఆగాయి. వదినకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"శుభం," అంది తెర మీంచి పెద్దావిడ. "కాని సంతకం నేను పెట్టను."

వదిన, శాతం ఒకేసారి తెర ముందుకి జరిగారు.

"కంగారుపడకండి. మీ తప్పు వల్ల కాదు, నా తప్పు వల్ల. మూల ప్యాకేజీలో ఎవరి రాత వల్ల దోషం వచ్చిందో వాళ్ళు ఆ విడుదలకి సంతకం పెట్టకూడదు. ఆ నియమం రాసిందీ నేనే, ఇంకొకళ్ళ మీద కోపంతో రాశాను. ఇన్నాళ్ళకి నాకే తగిలింది." ఆవిడ ఏదో జాబితా చూసింది. "మీ ప్రాసెసర్‌కి సంతకం హక్కు ఇద్దరికే ఉంది. నేను ఒకదాన్ని. రెండో ఆయన మీ దగ్గర పని మొదలుపెట్టినాయన. రెండేళ్ళుగా పత్తా లేడు గాని, తన హక్కు వదులుకుంటున్నట్టు ఆయనా రాయలేదు, తీసెయ్యమని మీరూ అడగలేదు. నాలుగులోపు ఆయన పెడితే చెల్లుతుంది."

తెర ఆరిపోయింది. మూడూ ముప్ఫై అయిదు.

వదిన శాతం వంక చూడలేదు. చూస్తే అతన్ని అడిగినట్టవుతుంది. తనే ఫోను చేద్దామని చెయ్యి చాపింది. ఆలోపు శాతమే తన ఫోను తీశాడు.

"నేను చేస్తా వదినా. పోట్లాడింది నేను కదా."

నంబరు వెతకలేదు, గుర్తే ఉంది. బల్ల మీద పెట్టి, ముగ్గురికీ వినపడేలా నొక్కాడు. ఒక రింగు, రెండు, మూడు. అవతల ఎత్తిన చప్పుడు. హలో లేదు, ఎవరూ అని లేదు. రెండేళ్ళ తర్వాత ఆ గొంతు అడిగింది ఒకటే.

"ప్లగ్గు పీకి చూశారా?"

శాతం ఫోను మీదికి వంగాడు. "చూశాం అన్నా. ముందు లేవలేదు. నువ్వు చెప్పినట్టే. సరిచేశాక లేచింది. నాలుగులోపు నువ్వే సంతకం పెట్టాలట."

"ఎన్నిసార్లు పీకారు?"

శాతం నోరు తెరిచాడు. ప్రపంచంలో దేని గురించి అడిగినా చుక్క తర్వాత రెండంకెల దాకా చెప్పగలిగిన మనిషి, చెప్పడానికి అంకె లేక నిలబడిపోయాడు. "సరిచేశాక... ఒక్కసారి."

"ఇరవైసార్లు పీకు. నువ్వే పీకాలి. నేను వింటుంటా."

శాతం మారుమాట్లాడకుండా చెప్పుల స్టాండు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఏడో ప్లగ్గు లాగి, పెట్టి, దీపం పచ్చబడే దాకా చూసి, "ఒకటి," అన్నాడు. "ఒకటి," అంది ఫోను. మళ్ళీ లాగాడు. "రెండు." "రెండు." ఒక్కోదానికీ నిమిషం పడుతోంది. ఇరవై నిమిషాలు. సరిగ్గా లెక్కేస్తే నాలుగుకి రెండు మూడు నిమిషాలు మిగులుతాయి, మధ్యలో ఒక్కసారి కూడా బోర్డు తడబడకపోతే. 

అయిదోసారి ఆమెకి ఒక అనుమానం వచ్చింది. ఫోనుకి చెవి దగ్గరగా పెట్టింది. అవతల గొంతు వెనక సన్నగా ఏదో టకటక. ఆగి, మళ్ళీ టకటక. కుట్టుమిషను. తలెత్తి మామగారి వంక చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, పెన్సిలుతో చెవి గోక్కుంటున్నారు.

"మామయ్యా?"

"నేనేం పిలవలేదమ్మా," అన్నారాయన గొణుగుతున్నట్టు. "ఇవాళ నాలుగింటికి సంతకం అని మాత్రం చెప్పాను. చొక్కా కొలతలకి వచ్చానని అన్నాడట దర్జీతో. రెండింటినుంచీ అక్కడే కూర్చున్నాడు."

శాతానికి ఇవేవీ వినపడటం లేదు. గుమ్మానికి వీపు పెట్టి, ముక్కు బోర్డుకి ఆనించినట్టు వంగి, "ఆరు," అన్నాడు. "ఆరు," అంది ఫోను. ఫోనులో కుట్టుమిషను చప్పుడు మాయమైంది. మెట్ల మీద ఒక్కో అడుగే పైకి వస్తున్న చప్పుడు మొదలైంది.

"ఏడు," అన్నాడు శాతం. ఫోను పలకలేదు. అతను పట్టించుకోకుండా ప్లగ్గు లాగి, పెట్టి, దీపం మీదే చూపు నిలిపాడు. ఎరుపు. నారింజ. ముప్ఫై ఎనిమిది సెకన్లు. పచ్చ.

అతను నోరు తెరిచేలోపే ఎవరో "ఎనిమిది" అన్నారు.

ఈసారి ఆ గొంతు ఫోనులోంచి రాలేదు. గుమ్మంలో చేతి మీద కొత్త చొక్కా వేసుకుని నిలబడిన మనిషి వంక వదిన చూస్తోంది. మళ్ళీ ప్లగ్గు వైపు చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది, శాతం మాత్రం ఇంకా వెనక్కి తిరగలేదు. గోడ గడియారంలో మూడూ నలభై ఆరు. ఇంకా పన్నెండుసార్లు పీకాలి.